అన్నమ్మ ఇచ్చిన సగం జీతం

మా వీధి ఊడ్చే అన్నమ్మకు నాకన్నా ఎక్కువ జీతం వస్తుందని తెలిసిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఉన్నమాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. నేను బి.ఏ., బి.ఎడ్. చదివాను. ఢిల్లీ రతన్ బాగ్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి లెక్కలూ సైన్సూ చెప్పేదాన్ని. నెలకు పద్దెనిమిది వందలు చేతిలో పెట్టేవాళ్ళు. ఐదో పే కమిషన్ పుణ్యమా అని, తొంభై ఎనిమిది మొదట్లో అన్నమ్మ జీతం ఐదు వేలు దాటింది. అన్నమ్మది కమేటీ ఉద్యోగం. ఢిల్లీలో పాతవాళ్ళు మునిసిపాలిటీని కమేటీ అనే అంటారు.

మా ఆయన భీమేశ్వరరావు కేంద్ర ప్రభుత్వంలో యు.డి.సి. గుమాస్తా. ఆయనకూ అదే పే కమిషన్. అరియర్స్ చేతికొచ్చిన రోజు డబ్బాడు రసమలై తెచ్చారు. ఆ సాయంత్రమే కింది వాటాలో ఉండే శేషగిరిగారు మెట్ల మీద కూర్చుని, "వీధులూడ్చేవాళ్ళకు ఐదు వేలటండీ! ఇట్లా అయితే దేశం ఏం బాగుపడుతుంది?" అన్నారు. ఆయన ఓఖ్లాలో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు. రెండేళ్ళుగా ఆయనకు నయాపైసా పెరగలేదు. ఆయన కడుపుమంట నాకర్థమైంది. మా ఆయన మాత్రం రసమలై తింటూనే తలూపి, "చదువూ లేదు, నైపుణ్యమూ లేదు. ఆ పనికి అంత జీతం ప్రపంచంలో ఎక్కడా ఉండదు" అన్నారు.

"మరి మీకు పెరిగిందేమిటో?" అన్నాను వంటింట్లోంచి.

"నాది బాధ్యత గల పని."

గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు. అయితే నేనేమీ అన్నమ్మ పక్షాన మాట్లాడలేదు. నాకూ లోపల మండుతూనే ఉంది. డిగ్రీ, ఆ పైన ట్రైనింగు, పదిహేనేళ్ళ సుద్దముక్కల దుమ్ము, అన్నీ కలిపితే ఆమె జీతంలో సగం కూడా రావడంలేదు. పోనీ గట్టిగా తిట్టుకుందామంటే, ఆమె నేనెరగని కొత్తమనిషా? రతన్ బాగ్‌లో నాతో మొదట తెలుగు మాట్లాడిన మనిషే అన్నమ్మ.

ఎనభై ఒకటిలో నేను ఢిల్లీకి కాపురానికొచ్చాను. హిందీ ఒక్క ముక్క రాదు. పాలవాడు నీళ్ళు కలిపి పోస్తుంటే బాల్కనీలోంచి తెలుగులో దులిపేస్తున్నాను. వాడు నవ్వుతున్నాడు. ఇంతలో కింద వీధిలోంచి, "అమ్మగారా, వాడికట్టా అర్థం కాదు. 'పానీ క్యోం మిలాయా' అని అడగండి" అని వినిపించింది. చూస్తే పొడుగు కర్రకు కట్టిన చీపురు పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, నల్లగా బలంగా ఉన్న మనిషి. నేను ఆ మాటే అన్నాను. పాలవాడు నవ్వు మానేశాడు. ఆ రోజు నుంచీ నేను ఆమెకు అమ్మగారిని, తర్వాత బళ్ళో చేరాక టీచరమ్మని.

అన్నమ్మది బాపట్ల పక్క పల్లె. భర్త యేసుపాదం ఒక పార్లమెంటు సభ్యుడి ఇంట్లో వంటవాడికి సాయంగా ఢిల్లీ వచ్చి, ఆ సభ్యుడు ఓడిపోయాక కమేటీలో మురుగు కాలువల పనిలో చేరాడు. డెబ్భై మూడు వానాకాలంలో మూసుకుపోయిన మ్యాన్‌హోల్లోకి దిగాడు. లోపలి గాలి పట్టేసింది. పైకి తీసేసరికి ప్రాణం లేదు. రెండేళ్ళ కూతురితో మిగిలిన అన్నమ్మకు జాలిపడి చీపురు ఇచ్చారు. అదైనా పక్కా ఉద్యోగం కాదు, కచ్చా. మూడు నెలలకోసారి పనిలోంచి తీసేసి, వారం పోయాక కొత్తగా చేరినట్టు రాసుకునేవారు. అట్లా తొమ్మిదేళ్ళు చేసింది. పక్కా అయిన రోజు మా ఇంటికి లడ్డూలు తెచ్చింది.

ఆమె ఊడ్చే తీరు వేరు. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, అటు వీపు పెట్టి మొదలెట్టేది. నాలుగు గుమ్మాలకొక కుప్ప చేసి, బండి వచ్చేదాకా కుప్ప చెదరకుండా పైన తడిపిన గోనె కప్పేది. ఇసుక గాలులు లేచే మే నెలలో ముందు నీళ్ళు చిలకరించి కానీ చీపురు వేసేది కాదు. ఊడ్చిన వీధిలోకి పైనుంచి ఎవరైనా తొక్కలు విసిరారో, వాళ్ళ పని అయిపోయినట్టే. వీధి మధ్యలో నిలబడి ఆ ఇంటి నంబరు పెట్టి పిలిచేది. "బయాలీస్ నంబర్! కేలే కా ఛిల్కా ఆప్‌కా హై, లే జాయియే!" నలభై రెండో నంబరూ, ఈ అరటితొక్క మీదే, తీసుకుపొండి అని. ఆ ఇంటావిడ తలుపు తీసేదాకా కదిలేది కాదు. మా వీధిలో ఆమె నోటికి భయపడని వాళ్ళు లేరు. నాతో సహా.

జీతం పెరిగిన వసంతంలోనే ఆమెకు ఆయాసం ముదిరింది. ఢిల్లీలో వేపాకూ రావాకూ మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలతాయి. ఊడ్చిన చోటే మళ్ళీ పరుచుకుంటాయి. ఆ ఏడు నాలుగు గుమ్మాలు ఊడ్చేసరికే అన్నమ్మ మా మెట్ల మీద కూలబడి గొట్టంలోంచి మందు పీల్చేది. ఛాతీలోంచి పిల్లి కూతలు నాకు పైకి వినిపించేవి. డాక్టరు దుమ్ము దగ్గరికి వెళ్ళొద్దన్నాడు. దుమ్ము దగ్గరికి వెళ్ళడమే ఆమె ఉద్యోగం. పెన్షన్ రావాలంటే రిటైరయ్యేదాకా, ఇంకా ఏడాదిన్నర పైనే చెయ్యాలి. కచ్చాగా చేసిన తొమ్మిదేళ్ళూ లెక్కలోకి రాలేదు మరి.

కూతురు సరళకుమారి ఘజియాబాద్‌లో ఒక నర్సింగ్ హోంలో నర్సు. ఒకనాడు తల్లిని వెతుక్కుంటూ వచ్చి మా ఇంట్లోనే కూర్చుని పోరు పెట్టింది. "అందరూ ఎవజీని పెట్టుకుంటున్నారు ఆంటీ. ఈమెకు మాత్రం ఎందుకీ మొండితనం? ఊపిరి ఆగిపోతే పెన్షన్ ఎవరు తింటారు?"

ఎవజీ అంటే బదులు మనిషి. పక్కా ఉద్యోగి ఇంట్లో కూర్చుంటాడు. గతిలేని ఇంకెవరో వచ్చి అతని పేరు మీద వీధి ఊడుస్తారు. హాజరు వేసే దరోగా తన వాటా తీసుకుని కళ్ళు మూసుకుంటాడు. జీతమంతా ఉద్యోగికి, అందులోంచి ఏడువందలు ఎవజీకి. అప్పటి రేటది. జీతాలు రెట్టింపయ్యాక మా చుట్టుపక్కల వీధుల్లో ఎవజీలే ఎక్కువైపోయారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. శేషగిరిగారి కోపంలో సగం దీని గురించే, ఆ సగం నాకూ న్యాయంగానే తోచేది.

అన్నమ్మ చాలా రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒక ఇసుకగాలి రోజున మా మెట్ల దగ్గరే కళ్ళు తిరిగి పడింది. నేనూ శేషగిరిగారి భార్యా చెరో చెయ్యి పట్టి లోపలికి తెచ్చాం. ఆ వారమే ఎవజీ వచ్చింది.

ఆ అమ్మాయి పేరు బాలకిష్టమ్మ. పాలమూరు మనిషి. నోయిడాలో ఫ్లాట్లు కట్టే పనికి మేస్త్రీ వెంట మొగుడితో వచ్చింది. అతను పరంజా మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మేస్త్రీ ఇద్దర్నీ వదిలేసి వెళ్ళిపోయాడు. కూలి వెతుక్కుంటూ చెత్త వేసే డిపో దగ్గరికొచ్చి, ఎవరో చెప్పగా అన్నమ్మను పట్టుకుంది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. చెయ్యి ఎంత చురుకంటే, అన్నమ్మ పదింటిదాకా ఊడ్చే వీధిని ఎనిమిదిన్నరకల్లా అద్దంలా చేసి పెట్టేది. అన్నమ్మకు మాత్రం ఇంట్లో కాలు నిలవలేదు. రోజూ బస్సెక్కి వచ్చి మా మెట్ల మీద ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని కూర్చుని, "ఆ మూల, ఆ మూల వదిలేశావే!" అని అరుస్తుండేది.

నెల తిరిగింది. అన్నమ్మ జీతం తెచ్చుకుని, మా మెట్ల మీదనే బాలకిష్టమ్మను పిలిచి చేతిలో పెట్టింది. ఆ పిల్ల చూసుకుని బిత్తరపోయింది.

"గింత ఎందుకు పెద్దమ్మా? మూడు నెల్లది ఒక్కపారే ఇస్తున్నవా?"

"ఈ నెలదే. సగం."

జీతంలో సగం. రెండున్నర వేల పైచిలుకు. గుమ్మంలో నిలబడి విన్న నాకు ఒళ్ళు భగ్గుమంది. ఇప్పటిదాకా అన్నమ్మ ఒక్కతే నాకన్నా ఎక్కువ తెచ్చుకునేది. ఇప్పుడు ఎవజీ కూడానా! మా ఆయనకు చెప్తే, "అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే. సర్కారు డబ్బు గనక చెయ్యి ధారాళంగా ఆడుతోంది. ఒక సంగతి మాత్రం తేలిపోయిందిగా? ఏడువందలకు మనిషి దొరికే పని అది. దాని అసలు విలువ అంతే. మిగతాదంతా దండగ" అన్నారు.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. నేను మాటలు కడుపులో దాచుకునే మనిషిని కాను. మర్నాడు అన్నమ్మ మొహాన్నే అడిగేశాను. "ఏడువందలకు చేస్తానన్న మనిషికి సగం జీతం ఎందుకిచ్చావు?"

అన్నమ్మ గొట్టం తీసి మందు పీల్చుకుంది.

"పాతికేళ్ళు నేను ఊడ్చినందుకు సగం నాది టీచరమ్మా. ఇప్పుడు అది ఊడుస్తన్నందుకు సగం దానిది. అంతకన్నా నాకు లెక్క తెలవదు. ఏడొందలు దాని మొహాన కొట్టి తతిమ్మాదంతా నేను తింటే, ఆదివారం గుళ్ళో ప్రభువు బల్లకాడికి ఎట్టా పోను? చెయ్యి చాపి ఆ రొట్టె ఎట్టా పుచ్చుకోను?"

"మరి నువ్వు పని చెయ్యకుండా సగం తీసుకోవడమో?"

"అదీ తప్పే" అంది మెల్లగా. "దాని కోసమూ ప్రార్థన చేసుకుంటన్నా. నా ఊపిరి తిరిగొస్తే నేనే ఊడుస్తా."

టీ పెట్టి ఇచ్చాను.

సంగతి నెల్లోపే పాకింది. పక్క వీధుల ఎవజీలు తమ పక్కా మనుషులను అడగడం మొదలెట్టారు. రతన్ బాగ్‌లో తెలుగు అమ్మ సగం ఇస్తోందట, మీరు ఏడువందలేమిటి అని. ఇద్దరు ముగ్గురు చీపుర్లు కింద పడేశారు. జూలైలో, వానకు వీధంతా బురదగా ఉన్న ఒక పొద్దున, దరోగా రాంఫల్ స్కూటరు మీద వచ్చి మా మెట్ల ముందు ఆపాడు. హర్యానా మనిషి. మాట మెత్తన, చూపు కాదు.

"అమ్మా, తూనే తో సారా సిస్టమ్ బిగాడ్ దియా" అన్నాడు. వ్యవస్థంతా పాడు చేశావు అని.

అతను చెప్పింది ఇంతే. అందరిలాగా ఏడువందలివ్వు, హాయిగా ఇంట్లో కూర్చో, నీ పెన్షన్ దాకా నీ హాజరు నేను చూసుకుంటాను. సగమే ఇస్తానంటావా, ఎవజీని పెట్టావని రేపే రిపోర్టు రాస్తాను. ఉద్యోగమూ పోతుంది, పెన్షనూ పోతుంది. అంటే బదులు మనిషిని పెట్టడం తప్పు కాదట, ఆ మనిషికి కడుపు నిండా ఇవ్వడం తప్పట! నాకు పట్టరాని కోపం వచ్చి హిందీలో నాలుగు మాటలు అన్నాను. రాంఫల్ నమస్కారం పెట్టి, "మేడమ్, ఆప్ పఢీ లిఖీ హైఁ, ఇస్‌మేఁ మత్ పడియే" అని, చదువుకున్నవారు మీరు ఇందులో తలదూర్చకండని చెప్పి వెళ్ళిపోయాడు.

అన్నమ్మ స్కూటరు మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత బాలకిష్టమ్మను పిలిచింది.

"రేపటి నుంచి రావాకమ్మా. నేనే ఊడ్చుకుంటా."

"ఎందుకు పెద్దమ్మా? ఆయన సెప్పిన ఏడొందలే ఇయ్యి. నేను సేస్త."

"నా చేత్తో ఏడొందలు ఇయ్యలేను. పాపం."

బాలకిష్టమ్మ చీపురు గోడకానించింది. ఆ పిల్ల అంతవరకూ గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు.

"నువ్వు ఇయ్యకుంటే ఇంకోడు ఇస్తడు గదే ఏడొందలు. నేను పోయి గాడ ఊడుస్త. నీ సెయ్యి సాఫ్ ఉంటది. నా కడుపు నిండుతదా? మా ఆయన మంచంల ఉండె. సగం ఇచ్చి ఆశ పెట్టినవ్, ఇప్పుడు అస్సలుకే లేదంటున్నవ్. గిదేం పున్నెం పెద్దమ్మా?"

అన్నమ్మ మొహం పాలిపోయింది. ఏ ఇంటినంబరునైనా వీధిలో నిలబెట్టి అడిగే మనిషి, ఆ రోజు ఆ పిల్ల ముందు తల వంచుకుంది. బాలకిష్టమ్మ బురదలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయింది. అన్నమ్మ పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరిలో ఎవరిది న్యాయమో ఆ రోజు నేను చెప్పలేకపోయాను. ఇప్పుడైనా చెప్పగలనా అంటే, అనుమానమే.

రెండు రోజులు అన్నమ్మ ఒక్కతే ఊడ్చింది. ఊడ్చిందనడం కూడా అబద్ధమే, చీపురు మీద వాలి నిలబడింది. మూడో రోజు పొద్దున నేను బడికి బయల్దేరుతూ చూద్దును కదా, వీధికి ఎడమ వైపు అన్నమ్మ, కుడి వైపు బాలకిష్టమ్మ. ఇద్దరి చేతుల్లోనూ చీపుర్లు. అన్నమ్మ ముందురోజు సాయంత్రం బస్సులు మారి ఆ పిల్ల ఉండే గుడిసెలు వెతుక్కుంటూ వెళ్ళి, సగం వీధి తాను ఊడుస్తానని, సగం జీతం ఎప్పటిలాగే ఇస్తానని చెప్పిందట. ఆ సంగతి అన్నమ్మ నాకు చెప్పలేదు, బాలకిష్టమ్మ చెప్పింది.

రాంఫల్ వచ్చాడు. ఈసారి స్కూటరు దిగాడు. "యే కౌన్ హై?" అన్నాడు బాలకిష్టమ్మను చూపించి.

"నేను హాజరున్నానా లేదా?" అంది అన్నమ్మ హిందీలో. "చీపురు నా చేతిలో ఉందా లేదా? ఉంది. నా జీతం నేను తీసుకుని ఏం చేసుకుంటానో నా ఇష్టం. ఇక నువ్వు ఏం రాస్తావో రాసుకో."

ఏం రాస్తాడు? ఉద్యోగి వచ్చింది, ఊడుస్తోంది. పక్కన ఇంకొకామె కూడా ఊడుస్తోంది. వీధి మామూలు కన్నా శుభ్రంగా ఉంది. దీన్ని నేరం కింద రాయడానికి అతనికి దారి దొరకలేదు. గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆ తర్వాత చీపుర్లు ఇవ్వడంలో, సెలవులు ఇవ్వడంలో పెట్టవలసిన తిప్పలన్నీ పెట్టాడు.

అట్లా ఏడాది పైన సాగింది. అన్నమ్మ వైపు పూర్తయ్యేసరికి పదకొండు దాటేది. పాన్ కొట్టువాడు సణిగేవాడు, ఐదు వేలు తీసుకుని ఇంత ఆలస్యమా అని. బాలకిష్టమ్మ తన వైపు తొందరగా ముగించుకుని, మెల్లగా ఇటు జరిగి రెండు గుమ్మాలు ఊడ్చేయబోయేది. "నా వైపు రావద్దన్నానా! పో అటు!" అని అన్నమ్మ వీధి అదిరేలా కసిరేది. తన సగం తానే చెయ్యాలని ఆమె పట్టు. జనవరి పొగమంచులో ఒకరోజు, ఎదుటి మనిషి కనపడని పొద్దున, అన్నమ్మ మా మెట్ల మీద ముందుకు వంగి కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడుతోంది. తను ఊడ్చే ఎడమ వైపున కూడా చీపురు చప్పుడు వినిపించింది. అన్నమ్మ తలెత్తి విన్నది. ఆ రోజు కసరలేదు.

మా ఆయన బాల్కనీలోంచి ఇదంతా చూస్తూనే ఉండేవారు. ఆయనేమీ మారిపోలేదు. మనుషులంత తేలిగ్గా మారతారా? కాకపోతే ఒకనాడు శేషగిరిగారు మళ్ళీ ఐదు వేల ప్రస్తావన తెస్తే, "పోనీండి, ఏదో ఊడుస్తోందిగా" అని పేపరు తిప్పారు.

తొంభై తొమ్మిది నవంబరు ఆఖరున అన్నమ్మ రిటైరైంది. పెన్షనూ దక్కింది. జోన్ ఆఫీసులో బంతిపూల దండ వేసి, ఒక గోడ గడియారం ఇచ్చారు. ఆ దండతోనే మా ఇంటికొచ్చి మిఠాయి పంచింది. బాలకిష్టమ్మకు తన ఉద్యోగం ఇవ్వమని పెద్ద సారును అడిగిందట. ఆయన నవ్వి, "ఎక్కడి ఉద్యోగం అమ్మా? నీతోపాటే ఆ పోస్టూ రిటైరైంది" అన్నాడట. మా వీధి కాంట్రాక్టరు చేతికి వెళ్ళింది. కాంట్రాక్టరు బాలకిష్టమ్మనే పెట్టుకున్నాడు. ఎనిమిది వందలు. ఆదివారం లేదు, పండగ లేదు, రాని రోజుకు కోత.

"చూశారా? ఐదు వేల పని ఎనిమిది వందలకు అయిపోతోంది. వీధి ఏమైనా మురికిగా ఉందా?" అన్నారు శేషగిరిగారు. వీధి శుభ్రంగానే ఉంది. ఎవరికీ ఫిర్యాదు లేదు. జీతాల సంగతి మా మెట్ల మీద మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కార్గిల్ అయిపోయింది, ఎన్నికలయిపోయాయి, కొత్త శతాబ్దంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయా లేదా అని మాట్లాడుకుంటున్నారు.

క్రిస్మస్ ముందు ఆదివారం అన్నమ్మ కజ్జికాయల డబ్బా పట్టుకుని వచ్చింది. దుమ్ముకు దూరమయ్యాక ఒంట్లో కొంచెం తేరుకుంది. మెట్లెక్కి పైకి రావడానికి ముందు వీధిలో చాలాసేపు నిలబడింది. బాలకిష్టమ్మ ఒక్కతే ఎడమ వైపూ కుడి వైపూ ఊడుస్తోంది. నన్ను రమ్మంటావా అన్నట్టు అన్నమ్మ చీపురు కోసం చెయ్యి చాపింది. బాలకిష్టమ్మ నవ్వి తల అడ్డంగా ఊపింది. ఇదంతా నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. మా ఆయన నా పక్కనే ఎండలో కుర్చీ వేసుకుని ఉన్నారు.

అన్నమ్మ పైకొచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. మంచినీళ్ళు తాగింది.

"అయ్యగారా, మిమ్మల్నొకటి అడగాలి" అంది మా ఆయనతో. ఆయనతో నేరుగా మాట్లాడటం పద్దెనిమిదేళ్ళలో అదే మొదలు. "నా జీతం ఎక్కువని ఈ వీధిలో అందరూ అన్నారు. నాకు తెలుసు. చెవుల్లో పడేది. మరి ఇప్పుడు దాని జీతం తక్కువని ఒక్కళ్ళన్నా అన్నారా?"

మా ఆయన ఇబ్బందిగా కదిలారు. "మేమంటే మాత్రం పెరుగుతుందా అన్నమ్మా?"

"నాది ఎక్కువన్నారే, తగ్గుద్దనే అన్నారా?"

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మా ఆయన నావైపు చూశారు. నేనేదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తానని ఆయన ఆశ. నోరుగల దాన్నని నాకు పేరుంది కదా. నేను మాత్రం ఏం చెప్పను? రెండేళ్ళు పక్కనుండి చూశాను. ఎవరి జీతం ఎక్కువో వేళ్ళ మీద చెప్పగలను. నా బళ్ళో నా జీతం తక్కువని ఒక్కనాడూ నోరు తెరవని దాన్ని, కింద ఊడుస్తున్న ఆ పిల్ల జీతం గురించి ఎక్కడని నోరు తెరుస్తాను?

అన్నమ్మ డబ్బా మూత తీసి కజ్జికాయలు మా ముందుకు జరిపింది.